బూడిద కింద ఏడుపు పాట

ఘనపూర్ దాటాక ఉన్న తండా వెనకాల గుట్ట రోజూ పొద్దున్నే పొగ వదిలేది. ఆడవాళ్లు దాని నెత్తిన కాగులు పెట్టి నీళ్లు కాగబెట్టుకునేవాళ్లు. నాలుగైదేండ్లకోసారి గుట్ట తుమ్మేది. గోరువెచ్చని బూడిద దోసెడు పడేది. దాంతో గిన్నెలు తోముకునేవాళ్లు.

ఆ రోజు కూడా సారక్క కాగు దించుకొని వచ్చి, బిడ్డ లత ముందు కూర్చుంది.

"ఏడువ్."

లత నవ్వింది.

వారంలో లత పెళ్లి. గూడూరు సంబంధం. తండా పెళ్లిపిల్ల తల్లిని పట్టుకొని, "యాడీ" అని అమ్మను పిలుస్తూ రాగం తీసి ఏడవాలి. ఆ పాటను ఢావ్లో అంటారు. మనసులో ఉన్నదంతా అందులో చెప్పుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. తల్లి కూడా పాటలోనే బదులియ్యాలి. సారక్క తన పెళ్లిలో మూడు ఊర్లకు వినబడేట్టు ఏడ్చింది. లతకు మాత్రం రాగం ఎత్తగానే నవ్వొస్తది.

"యాడీ, ఏడుపు రాకుంటే నేనేం జెయ్యాలె?"

"ఇంట్లనే కూసొని నేర్సుకో."

దోస్తులొచ్చి తీసుకుపోకుండా సారక్క బయట గొళ్లెం పెట్టి పోయింది.

తెలంగాణ కోసం అంతా సమ్మెలో ఉన్న రోజులు. బస్సుల్లేవు. బొగ్గు బావులు బంద్. లారీలు పోకుండా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు. తండా మొత్తం అక్కడే ఉంది. బొగ్గుబాయిల పనిచేసే మొండయ్య పెద్ద గంటెతో పప్పు కలుపుతున్నాడు. సారక్క ఉల్లిగడ్డలు కోస్తోంది.

దభేల్‌మని సప్పుడు.

"సమ్మెల బాంబులు పెట్టి బొగ్గు తీస్తున్నదెవడురా!" మొండయ్య గంటె ఎత్తాడు. వందమంది నినాదాలిచ్చుకుంటూ గని దిక్కు ఉరికారు. చాలా దూరం పోయాక లత తండ్రి భోజ్యా నెత్తి తుడుచుకున్నాడు. చేతికి బూడిద అంటింది.

"ఆగుండ్రి. గది మన గుట్ట."

అందరూ వెనక్కి ఉరికారు.

ఈసారి గుట్ట దోసెడుతో ఆపలేదు. ఇండ్లు చూర్ల దాకా మునిగాయి. గుట్ట పక్కనే ఉన్న సారక్క ఇల్లయితే కనబడనే లేదు. తండాలో మిగిలింది లత ఒక్కతే.

సారక్క నోట ఒకటే మాట వచ్చింది. "గొళ్లెం."

మొండయ్య బాయిలో కూలిన కప్పు కింద నుంచి మనుషులను తీసినవాడు. అందరినీ వరుసగా నిలబెట్టాడు. పారలు నాలుగే. మిగతావాళ్లు గంటెలు, గంగాళాలు, అన్నం తట్టలు పట్టుకొని బూడిద ఎత్తిపోశారు. రోడ్డు మీద ఆగిన లారీల డ్రైవర్లూ వచ్చారు.

"పొద్దున మమ్ముల తిట్టింది నువ్వే గదనే?" అన్నాడు ఒక డ్రైవర్, తట్ట అందిస్తున్న తండా ఆమెతో.

"ఇప్పుడు గూడ తిడుత. ముందుగాల తట్ట అందుకో."

"సప్పుడు బంద్ చెయ్యుండ్రి!" అన్నాడు మొండయ్య. "ఇల్లెక్కడున్నదో చెవులతోనే పట్టాలె."

పది రోజులు నినాదాలిచ్చిన నోర్లు. మూతపడడం కష్టమైంది. ఎవరో అలవాటుగా "జై..." అన్నాడు. పక్కనున్న జాల్యా వాడి నోరు నొక్కాడు.

అప్పుడు వినిపించింది. కాళ్ల కింద, సన్నగా. ఢావ్లో.

"రాగం తప్పింది" అంది సారక్క. ఏడుస్తూనే అంది.

తవ్వినకొద్దీ మాటలు తెలిశాయి.

"యాడీ... వరంగల్ల నర్సు చదువు చదువుత యాడీ... ఫారం పిండి డబ్బాల దాసిన యాడీ... గూడూరు పోను యాడీ..."

వందమందీ సారక్క దిక్కు చూశారు. పారలు ఆగాయి.

"జల్ది చెప్పవే! పిల్లకు ఊపిరాడతలేదు" అన్నాడు భోజ్యా.

"ఊపిరాడకుంటే గంత పొడుగు రాగమెట్ల తీస్తది?" అన్నాడు ఆ డ్రైవర్.

సారక్క గొంతు విప్పింది. మళ్లీ మూడు ఊర్లకు వినబడింది.

"పో బిడ్డా... చదువుకో బిడ్డా..."

గుట్ట ఇంకోసారి తుమ్మింది, చిన్నగా. ఆ గాలికి బూడిద పక్కకు జారింది. తలుపు తేలింది. గొళ్లెం మెరిసింది. సారక్కే తీసింది.

లత తెల్లగా బయటికొచ్చింది. చంకలో పిండి డబ్బా.

"ఏడుపొచ్చింది యాడీ" అంది.

రోడ్డు మీద చల్లారిన పప్పు తెచ్చి గుట్ట మీద వేడి చేసుకున్నారు. గూడూరు వాళ్లకు ఏం చెప్పాలో భోజ్యాకు మొండయ్య నేర్పిస్తున్నాడు. అందరూ నవ్వుతూ తింటున్నారు.

సారక్క తినలేదు. రాయి పట్టుకొని, తలుపుకున్న గొళ్లెం ఊడగొడుతోంది.