లియోన్‌లో చోప్ చేసిన టేబుల్

ఫ్రాన్స్‌లోని లియోన్ పాత ఊరు చూడటానికి మాకున్నది ఒక్కటే రోజు. మా ఆయన శశికాంత్ ఆ రోజుకి పదకొండు చోట్లు ఫోన్‌లో రాసుకున్నారు. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో ప్రాజెక్టులు నడిపే మనిషి కదా, సెలవు కూడా అలాగే నడుపుతారు. తొమ్మిదింటికల్లా నన్నూ, మా పద్నాలుగేళ్ల అమ్మాయి కీర్తికనీ నది పక్క సందుల్లోకి తీసుకొచ్చేశారు.

రాళ్లు పరిచిన వీధి. రెండు వైపులా గులాబీ రంగు, ఇటుక రంగు మేడలు. ఏ కిటికీ లోంచో వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. నాకైతే అక్కడే నిలబడిపోవాలనిపించింది.

కీర్తిక సింగపూర్ స్కూల్లో మూడేళ్లు ఫ్రెంచ్ చదివింది. కిందటేడు నోటి పరీక్షలో మధ్యలో మాట ఆగిపోయి, ఏడుస్తూ బయటికొచ్చేసింది. ఆ తర్వాత ఫ్రెంచ్ మానేసింది. ఆ మాటెత్తితే చాలు, గదిలోకెళ్లి తలుపేసుకునేది. అందుకే ఇక్కడికొచ్చాక కూడా దాన్ని మాట్లాడమని నేను అనలేదు. వేళ్లతో చూపిస్తూ నెట్టుకొస్తున్నాం.

ఒక చిన్న చౌరస్తాలో బేకరీ కనిపించింది. బయట నాలుగు టేబుళ్లు, ఒకటే ఖాళీ. సింగపూర్‌లో మేముండే యీషున్‌లో, తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లోలాగే మా ఆయన దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టారు. అక్కడ అలా చోప్ చేస్తే, అంటే ఏదైనా పెట్టి చోటు పట్టుకుంటే, ఇక ఎవరూ ఆ టేబుల్ జోలికి రారు.

ట్రేతో తిరిగొచ్చేసరికి ఎనభై ఏళ్ల పెద్దావిడ ఆ టేబుల్ దగ్గర కూర్చుని, మా టిష్యూతోనే ముక్కు తుడుచుకుంటోంది. ముందు కాఫీ కప్పు, కాళ్ల దగ్గర బుట్ట నిండా కూరగాయలు.

"ఎక్స్‌క్యూజ్ మీ, అది మాది" అన్నారు మా ఆయన.

ఆవిడ నవ్వి, ఆయనకీ ఒక టిష్యూ తీసిచ్చింది.

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం, "కీర్తీ, నువ్వు చెప్పవే ఆవిడకి" అనేశారు. అనకూడదని నేను కళ్లతో సైగ చేసేలోపే.

కీర్తిక మొహం ఎర్రబడింది. తలుపేసుకోవడానికి అక్కడ గది లేదు. ఒక మాట అంది, ఇంకో మాట అంది, ఆగిపోయింది. పెద్దావిడ మాట అందించలేదు, చూపు తిప్పుకోలేదు. ఇంకే పనీ లేనట్టు కప్పు పట్టుకుని అలాగే ఎదురుచూసింది. చివరికి ఆ మాట దొరికింది, దాని వెనకే మిగతావీ వచ్చాయి. టిష్యూ సంగతి అర్థమై ఆవిడ పకపకా నవ్వి, పక్క టేబుల్ నుంచి కుర్చీలు లాగింది. పేరు సొలాంజ్ అట.

"పదిన్నరకి కొండ మీద చర్చికెళ్లాలి" అన్నారు మా ఆయన. మేమెవరమూ లేవలేదు. రెండోసారి ఆయనా అనలేదు.

లేచేటప్పుడు ఆవిడ బుట్ట మా ఆయన అందుకున్నారు. ఆవిడ ఒక పాత తలుపు తోసింది. లోపల చీకటి నడవా, దాని చివర మెట్లు చుట్టుకుంటూ పైకెళ్లే చిన్న లోగిలి, అవతల ఇంకో వీధిలోకి ఇంకో తలుపు. "ఒకప్పుడు పట్టు మూటలు వానలో తడవకుండా ఇలా మోసుకెళ్లేవారట. మెల్లగా మాట్లాడమ్మా, పైన జనం ఉంటారట" అని కీర్తిక నా చెవిలో చెప్పింది.

నాలుగంతస్తులు ఎక్కి ఆవిడ ఇంటికి చేరాం. మా ఆయన ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డారు. కిటికీ లోంచి ఎర్ర పెంకుల కప్పులు, వాటి కింద నది. ఆవిడ పుదీనా షర్బత్ ఇచ్చి, మీదెలాంటి ఊరని అడిగింది. ఇక కీర్తిక ఆగలేదు. ఆ ప్రవాహంలో నాకు తెలిసినవి "యీషున్" ఒకటి, నావైపు చెయ్యి చూపిస్తూ అన్న "మమాన్", అంటే అమ్మ, ఒకటి.

"నా గురించేం చెప్పావే?"

"నథింగ్ లా" అంది సింగపూర్ యాసలో.

"నిజం చెప్పు."

"మన పన్నెండో అంతస్తు నుంచి కిందికి చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి, ఇక్కడేమో కిటికీ వదలట్లేదు అన్నాను."

సొలాంజ్ లేచొచ్చి నా పక్కనే కిటికీకి ఆనుకుని నిలబడింది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ వేలితో ఒక్కో కప్పూ చూపిస్తూ పోయింది.

ఒంటిగంటకి సెలవు తీసుకుని రెండో తలుపు లోంచి బయటపడ్డాం. ఎక్కడికని ఎవరూ అడగలేదు. నది మెట్ల మీద ఎండ కాస్తోంది, పైన ఐస్‌క్రీం బండి ఉంది. మా ఆయన ఒకటి తిని, "ఇంకొకటి అనడం ఎలా?" అని అడిగారు. కీర్తిక మూడుసార్లు పలికించింది. ఆయన బండి దగ్గరికెళ్లి గంభీరంగా ఏదో అని, రెండు చేతుల్లో రెండు కోన్లతో తిరిగొచ్చారు.

"ఏం చెప్పారు నాన్నా?" అంది కీర్తిక, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

"నువ్వు నేర్పిందే!"

మాలో ఎవరికీ ఇవ్వకుండా, ఎండలో కాళ్లు చాపుకుని రెండూ ఆయనే తిన్నారు.