రెండోసారి రాని మోటర్లు

ముబారక్‌ని ఇలియాస్ పనిలోంచి తీసేసి అప్పటికి ఒక పూటే అయింది. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద, కాలిన బోరు మోటర్లకి తీగ చుట్టే వైండింగ్ షాపు ఇలియాస్‌ది. పన్నెండేళ్ళుగా పక్కనే కూర్చుని రాగితీగ చుట్టిన మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, నలుగురు రైతుల ముందు "నీ చేతిలో పనితనం చచ్చిపోయిందిరా, ఇంక రావాకు" అనేశాడు. ముబారక్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఎదురు తిరిగి నాలుగు మాటలన్నా బాగుండేది.

అలాగని రుజువు లేకపోలేదు. ఎవరు చుట్టిన మోటరు మీద వాళ్ళ పేరులో మొదటి అక్షరం పెయింటుతో వేయడం ఆ షాపు పద్ధతి. ఆరు నెలల్లోపు కాలితే ఊరికే చుట్టి ఇవ్వాలి. ఈ ఏడాది అలా తిరిగొచ్చినవి పదకొండు. పదకొండింటి మీదా 'ము' అనే ఉంది. 'ఇ' అన్నది ఒక్కటీ లేదు. ఇంకేం కావాలి?

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే కూతురు నౌషీన్ లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. పుణె దగ్గర రేడియో టెలిస్కోపుతో పరిశోధన చేసే పిల్ల, పది రోజుల సెలవు మీద వచ్చింది. సెలవన్న మాటే గానీ కంచం ముందుకి రమ్మంటే రాదు.

"ఏందమ్మా, ఇంకా తినలేదా?"

"నా థీసిస్‌లో ఈ ఒక్క వాక్యం తెగట్లేదబ్బా. ఆకాశంలో, మన పాలపుంతకి అవతల ఎక్కడో, ఒక మెరుపు మెరుస్తదనుకో. కంటికి కనపడదు, రేడియోకే తెలుస్తది. సెకనులో వెయ్యో వంతు, అంతే. కొన్ని చోట్ల నుంచి మళ్ళీ మళ్ళీ వస్తయ్యి. చానా చోట్ల నుంచి మాత్రం ఒక్కసారే."

"ఎందుకొస్తయ్యి అయ్యి?"

"చచ్చిపోయిన నక్షత్రంలో అయస్కాంత శక్తి విపరీతంగా మిగిలిపోయి, అది తెగినప్పుడల్లా వస్తయ్యేమోనని అనుమానం. అన్నిటికీ అదే కారణమా అంటే తెలవదు."

అయస్కాంతం అనగానే ఇలియాస్‌కి కాస్త ధైర్యం వచ్చింది. అది తనకి తెలిసిన సరుకే.

"అయితే మళ్ళీ వచ్చేది ఒక జాతి, రానిది ఇంకో జాతి. రాసి పారేసి అన్నం తిను."

"అట్టా రాయబోయే ఆగిపోయా. మళ్ళీ మళ్ళీ వచ్చేవి కాసింత ఎక్కువసేపు సాగినట్టుంటయ్యి, రెండు జాతులేనేమో అనిపిస్తది. కానీ ఒక్కసారే వచ్చిందని మనమెట్టా చెబుతాం? మనం అటు తిరిగి చూసింది కొన్ని గంటలేగా. మనం చూడనప్పుడు వచ్చిపోయిందేమో! మనకి కనపడకపోతే రానట్టా?"

"మూడేళ్ళు చదివి తెలవదంటావేందే!"

"తెలవదబ్బా. నిజంగానే తెలవదు."

ఇలియాస్ అన్నంలో పప్పు కలిపాడు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. ఏడాది పొడుగునా తన మోటరు ఒక్కటీ కాలలేదా? కంపెనీ నుంచి కొత్తగా వచ్చినవే కాలుతుంటే, తన చేతిలో ఏం మహిమ ఉందని? ఇన్నాళ్ళూ ఆ మహిమ ఉందనే అనుకున్నాడు పాపం. ఎడంచేత్తో ఫోను తీసి, స్పీకర్లో పెట్టి నకరికల్లు రైతు అమరేశ్వరరావుకి చేశాడు. ఉగాదికి అతని మోటరు తానే చుట్టిచ్చాడు.

"మోటరు ఎట్టా ఆడతందన్నా?"

"నువ్వు చుట్టిందా? అది రెండు నెలలకే కాలిపోయిందిగా! పిడుగురాళ్ళలో చుట్టించుకున్నా."

"మరి నా కాడికి తేలేదేంది? గ్యారంటీ ఉందిగా!"

"నీ గ్యారంటీ ఎవడిక్కావాలయ్యా! తెస్తే బోరులో నీళ్ళు చూసుకున్నావా, వోల్టేజి చూసుకున్నావా, నీకసలు బుర్రుందా అని నలుగురి ముందర కడిగి పారేస్తావు. ముబారక్ అయితే 'ఆడ పెట్టి పో మామా' అంటాడు. అందుకే వాడు చుట్టినవైతేనే మీ షాపుకి తెస్తాం."

ఇలియాస్ ఇంకో ఇద్దరికి చేశాడు. ఒకాయన మోటరు బ్రహ్మాండంగా ఆడుతోందన్నాడు. రెండో ఆయన ఇలియాస్ గొంతు వినగానే పొలంలో ఉన్నానంటూ పెట్టేశాడు. ఇలియాస్‌కి మరీ అయోమయంగా ఉంది.

"నౌషీన్, ఇంతకీ ఎవరి చెయ్యి మంచిదంటావ్? ముబారక్‌దా, నాదా?"

"కాలి కూడా నీ కాడికి రాకుండా పోయినవి ఎన్నో తెలవకుండా ఎట్టా చెప్పేది?"

"మరి పొద్దున నేనెట్టా చెప్పా!"

ఆ మాటకి నౌషీన్ తలెత్తి తండ్రి ముఖంలోకి చూసింది. పొద్దున ఏం జరిగిందో ఆమెకి తెలియదు. ఇలియాస్‌కి మాత్రం సిగ్గుతో చచ్చినట్టయింది. ఎవరి పనితనం గొప్పదో ఇప్పటికీ తేలలేదు, బహుశా ఎప్పటికీ తేలదు. కానీ తేలకముందే ఒక మనిషి అన్నం తీసేశాడు. కంచం పక్కకి జరిపి ముబారక్‌కి ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున్నే షాపుకి రా."

"ఇంకోటి కాలిందా భాయ్?" అని ముబారక్ బెదురుగా అడిగాడు. "అది కూడా నాదేనా?"

"కాదురా. నాది."