ముగ్గుల నెలలో సైకిలు బాట

2023 డిసెంబరు ఇరవై నాలుగు, ఆదివారం. ఆ పొద్దున కిషన్ రావు తిన్నది సర్వపిండి. తనే తట్టి తనే కాల్చుకున్నది కాబట్టి ఒక పక్క మాడింది. రెండో పక్క మాడలేదు, అదే పదివేలు అనుకుంటూ నిలబడే తిని, ఇంత మజ్జిగ తాగి, హెల్మెట్ పెట్టుకుని మెట్లు దిగాడు. లగ్గం పిల్లగాడు కూడా అంత హడావిడి పడి ఉండడు.

హడావిడికి కారణం ఉంది. కిషన్ రావు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య సావిత్రి పోయాక సాయంత్రాలు బొత్తిగా గడవక ఒక గేర్ల సైకిలు కొన్నాడు. హనుమకొండలో మౌంటెన్ బైకింగ్ క్లబ్బు ఒకటుందని తెలిసి అందులో చేరాడు. ఆదివారం వస్తే ఆ క్లబ్బువాళ్లు కోట మట్టిగోడల వెంబడి, చెరువు కట్టల మీద, గుట్టల నడుమ రాళ్లలో రప్పల్లో సైకిళ్లు తొక్కుతారు. చేర్చుకోవడమైతే చేర్చుకున్నారు గానీ, అరవై దాటిన మనిషిని బండల మీద దూకించడానికి ఎవరికీ మనసొప్పలేదు. ప్రతి ఆదివారం సగం దారిలో ఒక వేపచెట్టు కింద అరటి గెలతో నిలబెట్టేవారు. వచ్చినవాళ్లకు తలా ఒక పండు ఇవ్వడం, తొక్కలు ఏరుకోవడం. పేరు కూడా స్థిరపడిపోయింది. అరటిపండ్ల సారు.

అలాంటి మనిషిని పట్టుకుని క్లబ్బు నడిపే దీప్తి, ఆమె పళ్ల డాక్టరు, ఒకరోజు అడిగింది.

"అంకుల్, ఈసారి బాట మీరేస్తారా?"

బాట వేయడమంటే మాటలు కాదు. ఎటు పోవాలో తేల్చి, గుర్తులు పెట్టి, ముప్పై సైకిళ్లను తీసుకుపోయి తీసుకురావాలి. కిషన్ రావు నోరు తెరిచేలోపే బట్టల దుకాణం రాజమౌళి అందుకున్నాడు. అతనిది క్లబ్బులోకెల్లా ఖరీదైన సైకిలు, క్లబ్బులోకెల్లా పెద్ద పొట్ట.

"ఏస్తే ఏయనియ్ డాక్టరమ్మా. గని ఒక్కలన్న దారి తప్పిన్రనుకో, సారు మళ్ల అరటిపండ్ల కాడికే. ఇగ జిందగీ అంతా గాడ్నే!"

అందరూ నవ్వారు. కిషన్ రావు కూడా నవ్వాడు. లోపల మాత్రం నవ్వలేదు.

గుర్తులు పెట్టడానికి క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. కోట చుట్టుపక్కల పాత రాళ్ల మీద రంగు పూయకూడదు. చెట్లకు రిబ్బన్లు కడితే మేకలు తినిపోతాయి. అందుకని ముందురోజు పోయి, దారి చీలిన చోటల్లా ముగ్గుపిండితో నేల మీద బాణం గీసి వస్తారు. శనివారం కిషన్ రావు సంచి నిండా ముగ్గుపిండి కట్టుకుని పోయాడు. కట్ట మీద గీశాడు, గుట్ట దగ్గర గీశాడు. నడుమ రాళ్లగూడెం అని చిన్న ఊరు. ఊరు చిన్నదే గానీ సందులు మాత్రం జిలేబీ చుట్లు. మేకల మందలు తొక్కిపోయి వాకిళ్లన్నీ మట్టిరంగులోనే ఉన్నాయి. అక్కడ ప్రతి మలుపులోనూ, ప్రతి గడప ముందూ ఆగి ఆగి, నల్లబల్ల మీద పువ్వు బొమ్మ వేసినంత శ్రద్ధగా బాణాలు గీశాడు. ఊళ్లో ఆడవాళ్లంతా పత్తి ఏరడానికి పోయారేమో, ఇదేంది సారూ అని అడిగినవాళ్లు లేరు. ఎవరూ అడ్డం రాకపోవడం కూడా ఒక అదృష్టమే అనుకున్నాడు.

ఆదివారం ఏడింటికి సైకిళ్లు కదిలాయి. బాట వేసినవాడు అందరికన్నా వెనక రావాలని నియమం. కట్ట మీద చల్లగాలి, చెరువులో కొంగలు, ముందు రంగురంగుల హెల్మెట్ల వరస. బాణం చూసి అందరూ ఒకేసారి కుడికి తిరిగితే, తన క్లాసులో పిల్లలంతా ఒక్కసారే పేజీ తిప్పినట్టనిపించింది. ఆ ఆనందం రాళ్లగూడెం దాకా ఉంది.

రాళ్లగూడెంలో బాణాలు లేవు.

బాణాలున్న చోట తామరపువ్వులున్నాయి. నెమళ్లున్నాయి. ఒక గడప ముందు ఏకంగా రథం ఉంది. నాలుగు సందులు కలిసే చోట, ఎటు పోవాలో చెప్పడానికి అంత పెద్ద బాణం గీశాడే, అక్కడ ఎనిమిది రేకుల పద్మం విరిసింది. ఎనిమిది రేకులూ ఎనిమిది దిక్కులు చూస్తున్నాయి. ముందుపోయినవాళ్లు ఎవరికి నచ్చిన రేకు పట్టుకుని వాళ్లు పోయారు. సందులో ఒక్క సైకిలు లేదు.

ఫోను మోగింది. క్లబ్బు కుర్రవాడొకడు. "అంకుల్, నేను వడ్ల కల్లంల ఉన్న. ఇక్కడ బాట అయిపోయింది."

పెట్టేలోపే ఇంకోటి. "సార్, ఎవలో పెద్దమనిషి లోపలికి పిలిచి చాయ్ పోస్తాండు. తాగాల్నా, రావాల్నా?"

"తాగి రా నాయనా," అన్నాడు కిషన్ రావు.

మూడోది రాజమౌళి. "సారూ! నీ బాట సీదా బర్ల కొట్టంలకు తెచ్చింది నన్ను! బ్రేకు పట్టేసరికి పెండకుప్పల ఉన్న! బర్రె నా దిక్కే చూస్తాంది!"

"ఏమన్నా దెబ్బ తగిలిందా?"

"మెత్తగనే పడ్డ. గదే నా బాధ!"

కిషన్ రావు సైకిలు దిగి పద్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. కళ్ల ముందు వేపచెట్టూ, అరటి గెలా కనబడుతున్నాయి. ఇంతలో చేతిలో పిండిగిన్నెతో ఒక పెద్దామె వచ్చింది. పేరు యాకమ్మ అని తరవాత తెలిసింది.

"ఓ సారూ, జర జరుగు. రేకు మీద కాలేసినవ్."

కిషన్ రావు గబుక్కున కాలు తీశాడు. "ఇక్కడ నిన్న నేనొక బాణం గీసిపోయానమ్మా."

"నువ్వేనా!" యాకమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "మొగోడు గీసినట్టే ఉన్నదనుకున్న. వాకిట్ల సగం ముగ్గు ఏసి పోతరా ఎవలన్న? గడపకు మంచిదా? నెల పట్టిన దినాలాయె. నేను నిండు చేసిన, నన్ను చూసి వాడకట్టంత చేసిన్రు. నీ ఇంట్ల ఆడోళ్లన్న చెప్పలేదా ముగ్గుల నెలని?"

"నాలుగేండ్లయిందమ్మా, మా ఆమె పోయి."

యాకమ్మ నడుం మీద చెయ్యి తీసేసింది. "అయ్యో. మరి నెల పట్టింది నీకెట్ల ఎరుకైతది."

నిజమే. సావిత్రి ఉన్నప్పుడు ధనుర్మాసం ఎప్పుడొచ్చిందో చూడనక్కర్లేదు. చెప్పుల కింద ముగ్గు తొక్కి తిట్లు తిన్నరోజే నెల పట్టినట్టు. నాలుగేళ్లుగా తిట్టినవాళ్లు లేరు, నెల పట్టిందీ లేదు.

"ఫికర్ చెయ్యకు," అంది యాకమ్మ. "నీ సైకిలోళ్లు ఎటువోయిన్రో మేం చూసినం." నోటికి చెయ్యి అడ్డం పెట్టి కేకేసింది. "ఓ సమ్మక్కా! మీ దిక్కు టోపీలోళ్లు ఎవలన్న వచ్చిన్రా?"

"ఇద్దరు! ఒగలు రొట్టె తింటాండ్లు, ఒగలు మోటరు బాగుచేస్తాండ్లు!"

"తోలియ్యి!"

కేక వెనక కేక సందుసందులా తిరిగింది. టోపీలవాళ్లు ఒక్కొక్కరే తేలసాగారు. ఒకడి చేతిలో జొన్నరొట్టె. ఒకమ్మాయి జేబుల నిండా రేగుపండ్లు. చిట్టచివర రాజమౌళి, ఎడమవైపు మనిషిగానూ కుడివైపు పిడకగానూ వచ్చాడు. దీప్తి లెక్కపెట్టుకుని, అందరూ ఉన్నారని ఊపిరి పీల్చుకుంది.

"ఏమైంది అంకుల్? బాణాలు పెట్టలేదా?"

వాడకట్టు ఆడవాళ్లంతా ముక్కుల దాకా కొంగులు లాక్కుని చూస్తున్నారు. నా బాణాలు చెరిపేశారు అని ఒక్క మాటంటే చాలు, అరటిపండ్ల గండం తప్పుతుంది. కిషన్ రావు ఆ పద్మాన్ని చూశాడు. చీకటితో లేచి, వణుకుతూ, ఎవడో పరాయివాడు సగంలో వదిలేసిన గీతను ఇంత అందంగా నిండు చేశారు.

"పెట్టిన. ముగ్గుల నెలల, ఇండ్ల వాకిళ్లల్ల పెట్టిన. తప్పు నాదే."

"ఒప్పుకున్నడు!" రాజమౌళి చేతులెత్తాడు. "ఇగ ఏమున్నది? అరటిపండ్లు!"

"ఆగు బిడ్డా," అంది యాకమ్మ అతని దగ్గరికొచ్చి. "నా కొట్టం ముంగట రథం ముగ్గు మీదికెళ్లి సైకిల్ తోలింది నువ్వేనా?"

"అది... బాట అనుకుని..."

"ముంగటి చక్రం, ఎనుక చక్రం రెండు గీతలు. ముగ్గు తొక్కినోడే మళ్ల ఎయ్యాలె. మా వాడకట్టు రివాజు." పిండిగిన్నె చేతిలో పెట్టింది.

రాజమౌళి కూర్చుంటే పొట్ట అడ్డం, వంగితే నడుం అడ్డం. చివరికి మోకాళ్ల మీద నిలబడి రథం మొదలుపెట్టాడు. పది మంది ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"గది చక్రమా, పప్పుగుత్తా?"

"చీరలైతే మస్తు మడతవెడ్తడట, గీత రాదు!"

"నవ్వకున్రి వదినా, చెయ్యి వణుకుతాంది పాపం!"

కిషన్ రావు కూడా పక్కన కూర్చుని రెండో చక్రం అందుకున్నాడు. వృక్షశాస్త్రం అలవాటు, చక్రం కాస్తా పొద్దుతిరుగుడు పువ్వైంది. అయినా బాగానే ఉందని యాకమ్మ ఒప్పుకుంది. క్లబ్బు క్లబ్బంతా అరుగుల మీద కూర్చుని నవ్వి నవ్వి అలసిపోయింది. గుట్ట దాకా ఇంక ఎవరూ పోలేదు. పోదామని కూడా ఎవరూ అనలేదు.

తిరిగి బయల్దేరేటప్పుడు దీప్తి అతని పక్కకు వచ్చింది.

"వచ్చేసారి బాట కూడా మీరే అంకుల్."

"అందరు తప్పిపోయిండ్రు కదమ్మా."

"తప్పిపోయిన్రు, దొరికిన్రు. పోయినసారి నేను బాట వేస్తే ఒకడు తప్పిపోయిండు, బస్సెక్కి తొర్రూరు నుంచి ఫోన్ చేసిండు. ఇయ్యాల ఎవరెక్కడున్నరో మీకు తెలిసింది. ముందు ఊళ్లె చెప్పి, తర్వాత గీయండి, గంతే."

రాజమౌళి వెనకనుంచి ఏదో అనబోయాడు గానీ, మోకాళ్లు పట్టేసి, అయ్యో అని మాత్రమే అనగలిగాడు.

కిషన్ రావు ఇంటికొచ్చి, స్నానం చేసి, మధ్యాహ్నం పడుకున్నవాడు పడుకున్నట్టే చీకటి పడేదాకా లేవలేదు. లేచి ఇంత అన్నం తిని, తలుపు వేయడానికి గుమ్మంలోకి వచ్చాడు. కాళ్లు సలుపుతున్నాయి. సంతోషం మాత్రం ఇంకా లోపల కుదురుగా కూర్చోలేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, రెండు చేతులూ పైకెత్తి గట్టిగానే అనేశాడు.

"బాట నాదే!"

ఎదురింటి పద్మలత పిల్లవాణ్ణి భుజాన వేసుకుని జోకొడుతూ మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"ఏంది బాబాయ్?"

"ఏం లేదమ్మా," అన్నాడు కిషన్ రావు చేతులు దించుకుంటూ. పిల్లవాడు అదృష్టవశాత్తూ కదల్లేదు. వాడు లేవకుండా, గొళ్లెం కూడా చప్పుడు కాకుండా, మెల్లగా తలుపు వేసుకున్నాడు.