పరుపుల బండికి ఎర్రగుడ్డ

బండి కొనడానికి వెళ్లినవాళ్లు టైర్లు చూస్తారు, ఇంజను చప్పుడు వింటారు, బేరమాడి ఇంటికొస్తారు. నేనూ నా కొడుకూ మాత్రం సత్తెనపల్లిలో కోటేష్ యార్డుకి వెళ్లి, పది మంది చూస్తుండగా తగువులాడుకున్నాం. యార్డంటే ఏమీ లేదు, నరసరావుపేట రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు వరసగా నిలబెట్టిన పాత ట్రక్కులు. కోటేష్ వాటిని కొని, రంగులేసి, మళ్లీ అమ్ముతాడు.

మాది పరుపులు కుట్టే ఇల్లు. మా మామగారి రోజుల్లో దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా నడిచేవాళ్లు. మా ఆయన నాగూర్ వలి ఆ విల్లు అటకెక్కించి చిన్న ట్రక్కు కొన్నాడు. వెనక సరుకు వేసే తొట్టి ఉంటుంది చూడండి, బళ్లవాళ్లు దాన్నే బాడీ అంటారు, అందులో ముందు వైపు దూది ఏకే మిషను బిగించాడు. ఎవరింటి ముందైనా బండి ఆపి, వాళ్లింట్లోంచి కరెంటు వైరు లాగి, పాత పరుపు విప్పి దూది ఏకి, కొత్త గుడ్డలో నింపి అరుగు మీదే కుట్టి ఇచ్చేసేవాళ్లం. ఆయన ఏకేవాడు, నేను దబ్బనం పట్టేదాన్ని. పెళ్లి పరుపులైతే మా ఇంటి దగ్గరే తీరుబడిగా కుట్టి, బండిలో వేసుకెళ్లి అప్పజెప్పేవాళ్లం.

ఆయన చాలా పొడగరి. మా ఇంట్లో ఏ మంచమూ ఆయనకు చాలలేదు. పాదాలు ఎప్పుడూ పట్టె దాటి బయటే ఉండేవి. భోజనాలయ్యాక నేను ఆ పట్టె పక్కన పీట వేసుకుని కూర్చుని పాదాలు ఒత్తేదాన్ని. రోజంతా మిషను ముందు నిలబడే మనిషి కదా. "పొడుగు మంచం చేయించుకోరాదూ?" అంటే, "లోపల పెట్టుకుంటే నువ్వు పట్టించుకోవే, అందుకే బయటపెట్టా" అనేవాడు. మాటలకేం తక్కువ లేదు మహానుభావుడికి.

ఒక్క విషయంలో మాత్రం మహా మొండి. పరుపు మడవనిచ్చేవాడు కాదు. మడిచిన చోట దూది గడ్డ కడుతుంది, ఆ గడ్డ మీద పడుకున్నవాళ్లు రోజూ మనల్నే తిట్టుకుంటారు అనేవాడు. మా బండిది పొట్టి బాడీ, అందులో మిషనే సగం చోటు తినేసేది. అందుకని వెనక డోరు దించి, పరుపు చాపుగా వేసి, బయటికి వచ్చిన మూలకు ఎర్రగుడ్డ కట్టేవాడు. ఇనప చువ్వలైనా, వెదురుబొంగులైనా, బండి దాటి బయటికొచ్చిన దేనికైనా ఎర్రగుడ్డ కట్టాల్సిందే, వెనక వచ్చేవాడికి కనపడాలి కాబట్టి. మా వాడు నజీర్ స్టీరింగు పట్టకముందు వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నది ఆ ముడే.

పోయినేడు మిరప కోతల రోజుల్లో ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. మా బండి మీదే గుంటూరు తీసుకెళ్లాం. తెల్లారేసరికి లేడు. అంతే. ఇంతకు మించి చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆసుపత్రి బండి ఎక్కడికో వెళ్లిందట, సాయంత్రానికి గానీ రాదన్నారు. మాకేమో పొద్దు గుంకకుండా మట్టి చేయాలి. "మన బండి ఉంది కదమ్మా, నాన్నని నాన్న బండిలోనే తీసుకెళ్దాం" అన్నాడు నజీర్. సరేనన్నాను. అప్పుడు ఎవరేమన్నా సరేననేదాన్నే. ఆ పూట ఇచ్చిరావాల్సిన పెళ్లి పరుపు ఒకటి బండిలోనే ఉండిపోయింది. దాని మీదే పడుకోబెట్టారు. తల మిషను దగ్గర, కాళ్లు వెనక్కి. మిషను విప్పాలంటే పానాలు లేవు, టైమూ లేదు. డోరు దించారు. అయినా చాల్లేదు. మంచం మీద ఎలాగో బండిలోనూ అలాగే, పాదాలు బయటే.

నేను తల దగ్గర కూర్చుని, కుదుపుకి మిషనుకు కొట్టుకోకుండా నుదుటి మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. గుంటూరు దాటుతుండగా నజీర్ బండి పక్కకి ఆపి దిగి వెనక్కి వచ్చాడు. నాన్న ముఖం చూసుకోవడానికి వచ్చాడనుకున్నాను. వాడు ముఖం చూడలేదు. డోరు గొలుసుకు వేలాడుతున్న ఎర్రగుడ్డ తీసి, రెండు పాదాలూ దగ్గరికి చేర్చి, దుప్పటి మీద నుంచి ముడి వేశాడు. నావంక కూడా చూడకుండా వెళ్లి బండి తీశాడు.

ఇనప చువ్వలకు కట్టినట్టు కట్టాడండీ, కన్నతండ్రి కాళ్లకి!

దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నాకు ఆ ఎరుపేదీ కనపడలేదు, ఈ గుడ్డ ఒక్కటే గాలికి కొట్టుకుంటూ కనపడింది. ఇంటి ముందు ఆగగానే మా ఆడబిడ్డ ఖాదర్‌బీ పరిగెత్తుకొచ్చి, ఆ ముడి చూసి, "ఇదేందిరా, మా అన్న సరుకంట్రా!" అని గుండెలు బాదుకుంటూ విప్పేసింది. వీధంతా విన్నది. నజీర్ తల ఎత్తలేదు.

ఆ సంగతి నేను వాడిని అడగలేదు. వాడూ చెప్పలేదు. ఏడాదిపాటు ఒకే ఇంట్లో అన్నం తిన్నాం, ఒకే బండి మీద తిరిగాం. వాడితో పుల్ల విరిచినట్టు తప్ప నేను మాట్లాడింది లేదు. నా కొడుకు గుండె రాయి అని మనసులో ఖాయం చేసుకున్నాను. పైగా నేను గడప దాటకూడని రోజులు పూర్తయి మళ్లీ పనిలోకి వచ్చేసరికి, వీడు పరుపులు మడిచి తాడేసి బిగించి తీసుకెళ్తున్నాడు! ధూళిపాళ్ల నుంచి ఒక పెళ్లివారు ఫోన్ చేసి, మధ్యలో గడ్డ తగులుతోందమ్మా అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. "మీ నాన్న పోయి నిండా ఏడాది కాలేదు, అప్పుడే ఆయన పని మంట గలిపావు కదరా" అని తిట్టాను. దున్నపోతు మీద వాన పడ్డట్టే నిలబడ్డాడు. బద్ధకం అనుకున్నాను. ఇంకేం అనుకుంటాను?

ఈ ఏడు పత్తి తీతలు అయ్యేసరికి పాత బండి మూలపడింది. అడుగంతా తుప్పు. అందుకే కోటేష్ దగ్గరికి వెళ్లాం.

కోటేష్ మాకు పాత పరిచయం. నన్ను అక్కా అంటాడు. రెండు బళ్లు చూపించాడు. "ఇదిగో అక్కా, ఇది పొట్టి బాడీ, అది పొడుగు బాడీ. పొట్టిది సందుల్లో పిల్లిలా తిరుగుద్ది. పొడుగుదైతే సరుకు బాగా పడుద్ది కానీ, తిప్పాలంటే చోటుండాలి. ఇంజన్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఇంక మీ ఇష్టం."

ఇందులో ఆలోచించేదేముంది? మా బేరాలన్నీ సందుల్లోనే. ఈ రోజుల్లో ఏ ఊళ్లో సందు చూసినా రెండు పక్కలా మిర్చి టిక్కీలు, అదే గోనె బస్తాలు, పేర్చి ఉంటాయి, మధ్యలో ట్రాక్టరు ఆపి ఉంటుంది. గుమ్మం దాకా బండి పోకపోతే మాకు పనే లేదు. పొట్టిదే చాలని చెప్పబోతున్నాను. ఈలోగా నజీర్ పొడుగుదాని చుట్టూ తిరిగి వచ్చి, "ఇదే తీసుకుందాం" అన్నాడు.

"ఏరా, ఈ రైలుబండి వేసుకుని ఏ సందులోకి పోతావు?" అన్నాను.

"సెంటర్లో ఆపుకుందాం. వాళ్లే తెచ్చుకుంటారు."

"ఆఁ, తెచ్చుకుంటారు! ముసలమ్మలు పరుపులు నెత్తిన పెట్టుకుని నీకోసం సెంటరుకి పరిగెత్తుకొస్తారు! కరెంటెక్కడిదిరా సెంటర్లో? స్తంభానికి తగిలిస్తావా?"

చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. కోటేష్ కూడా నవ్వాపుకుంటూ, "అక్క చెప్పింది నిజమే నజీరూ, మీ పనికి పొట్టిదే మేలు" అన్నాడు.

వాడు వినిపించుకోలేదు. టేపు అడిగి తీసుకుని పొడుగు బండి ఎక్కాడు. మిషను పట్టే చోటు వదిలి, అక్కడి నుంచి వెనక డోరు దాకా కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "మిషను పోనూ పూర్తిగా పడుద్ది, చాపుగా" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో నాకు తెలుసు. ఆ చాపుగా పట్టాల్సింది పోయినేడు కదా.

"పొడుగు బండి కావాల్సిన మనిషి వెళ్లిపోయాడుగా! ఆయనకు లేని చోటు ఇప్పుడెవరికిరా? గుడ్డ కట్టి ఊరేగించావు, చాల్లేదా?" అన్నాను.

ఏడాది దాచుకున్న మాట యార్డులో అందరి ముందూ బయటపడిపోయింది. నవ్వినవాళ్లు నవ్వడం ఆపేశారు. కోటేష్ నేలచూపులు చూస్తూ, టీ తెస్తానని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూడా మెల్లగా అటు జరిగారు.

నజీర్ టేపు చుట్టి జేబులో పెట్టుకుని, తొట్టి అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. నా అంత ఎత్తే వాడు. పొడుగు మాత్రం వాళ్ల నాన్నది రాలేదు.

"నాన్న కోసం కాదమ్మా. పరుపు కోసం" అన్నాడు.

"మడుస్తున్నావుగా. పట్టట్లా?"

"మడవకపోతే బయటికొస్తది. బయటికొస్తే గుడ్డ కట్టాలి. నా వల్ల కాదమ్మా."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు నువ్వు తల దగ్గర కూర్చున్నావు, వెనక ఏం జరుగుతుందో నీకు తెలియలా. టిక్కీల లారీ ఒకటి మన వెనకే వచ్చింది. నేను బ్రేకు కొట్టినప్పుడల్లా అద్దంలో చూస్తే నాన్న కాళ్లు ముందు, దాని ముఖం వెనక. రెండు సార్లు వెంట్రుకవాసిలో తప్పింది. నాన్నకి తగులుద్దని భయమేసింది. పోయిన మనిషికి తగిలితే ఏమవుద్దని అనిపించలేదమ్మా నాకు. నొప్పి పుడుద్దనే అనిపించింది. అందుకే కట్టా."

అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పాదాలు రెండూ దగ్గరికి చేర్చి పట్టుకున్నా కదా. దుప్పటి మీద నుంచి కూడా చల్లగా తగిలాయి. ఆ తర్వాత పరుపు మూలకి గుడ్డ కట్టబోతే అవే చేతికి తగిలాయి. ముడి పడలా. అప్పటి నుంచి మడుస్తున్నా. గడ్డ కడతదని నాకు తెలియదా అమ్మా? నాన్న నాకూ చెప్పాడుగా."

ఏం చెప్పమంటారు! ఏడాదిగా రాయి అనుకున్నది నా బిడ్డనా? వాడి పక్కకి వెళ్లి నిలబడి, వాడి తల వంచి నా భుజానికి ఆనించుకున్నాను. చిన్నప్పుడు జ్వరం వస్తే అలా ఆనుకునేవాడు. పెళ్లయిన మగాడు, రోడ్డు పక్కన, డ్రైవర్లందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కోటేష్ టీ గ్లాసులు పట్టుకుని చాలాసేపు షెడ్డు దగ్గరే నిలబడిపోయాడు.

చల్లారిన టీ తాగాం. పొడుగు బండి తీసుకోమని నా నోటి చివరి దాకా వచ్చింది. వాడి కోసం తీసుకునేదాన్నే. కానీ సెంటర్లో ఆ బండి పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటాం? వారం తిరిగేసరికి పొయ్యిలో పిల్లి లేవదు.

"పొట్టిదే తీసుకుందాంరా" అన్నాను. "పరుపు మాత్రం ఇంక మడవద్దు. గుడ్డ నేను కడతా."

"నువ్వా?" అన్నాడు.

"నేనే. ఇన్నేళ్లు దబ్బనం పట్టిన చేతికి ఒక్క ముడి రాదంట్రా?"

వాడు ముక్కు తుడుచుకుని సరేనన్నాడు. కొత్తగా రంగేసిన పొట్టి బండి ఇంటికి తెచ్చాం. మిషను అందులోకి మార్చాం. పాత ఎర్రగుడ్డ ఖాదర్‌బీ ఆ రోజే ఏం చేసిందో, నేను అడగలేదు. పరుపు గుడ్డల తానులోంచి ఎర్రది ఒక ముక్క చించి గొలుసుకు కట్టి పెట్టాను.

మొదటి బేరం పెళ్లి పరుపే. తెలిసినవాళ్లు, పక్క ఊరే. పొద్దున్నే ఎత్తి బండిలో చాపుగా వేశాం. మిషను దగ్గర మొదలైతే డోరు దాటి బయటికి వచ్చింది. ఎంత వస్తుందో నాకు ముందే తెలుసు. నజీర్ నావంక చూడకుండా వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

గుడ్డ తీశాను. పరుపు చివర రెండు మూలలూ దగ్గరికి లాగి చుట్టూ తిప్పాను. ముడి మొదటిసారి జారిపోయింది. రెండోసారి పడింది. గుడ్డ గాలికి ఆడింది.

చేతులు వెనక్కి తీసుకోవాలి కదా. రాలేదు. ముడి కింద మెత్తగా దూది. రెండు చేతులా పట్టుకుని, బొటనవేళ్లతో కింద నుంచి పైకి, భోజనాలయ్యాక పట్టె పక్కన కూర్చుని ఒత్తినట్టే ఒత్తాను. నా అంతట నేను చేయలేదు, చేతులే చేశాయి. మడమలుండాల్సిన చోట దూది లోపలికి పోయింది, వదలగానే మళ్లీ పైకి వచ్చింది.

"అమ్మా, అయిందా?" అని ముందు నుంచి అడిగాడు నజీర్.

"అయిందిరా, పోనీ" అన్నాను. చేతులు మాత్రం తీయలేదు. అద్దంలో చూస్తున్నట్టున్నాడు, వాడు బండి కదపలేదు.