మానేసిన గోలి

మా తమ్ముడు గంగారాం పోయిన రోజు నేను ఏడవలేదు. తాడ్వాయిలో వాడి శవం ముందు ఆడవాళ్లంతా ఒకరి మెడ మీద ఒకరు పడి శోకాలు పెడుతుంటే, ఎల్లారెడ్డిలో మా ఇంట్లో తడిగుడ్డలో చుట్టిపెట్టి వచ్చిన బీడీ ఆకు ఎండిపోతుందేమో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. వాణ్ణి చంకన వేసుకుని పెంచిన దాన్ని నేను. అయినా లోపల ఏమీ కదల్లేదు. మరదలు నాగవ్వ వచ్చి మీద పడితే కట్టెలా ఉండిపోయాను.

"తోడవుట్టినోడు పోతె కండ్లల్ల సుక్క రాలే నీకు. ఇగ నా ఇంటికి రాకు వదినె" అంది పదకొండో రోజున. ఆమె తప్పు కాదు. నేనైనా అదే అనేదాన్ని.

అప్పటికే రెండేళ్లుగా ఎండాకాలంలోనూ నాకు చలే. ఒళ్లు బరువెక్కింది, బీడీ చుట్టే వేళ్లు మొండికేశాయి. మా వాడలో అందరూ వైద్యులే. "ముట్లుడిగినంక గట్లనే ఉంటది" అన్నారు. సరేననుకున్నాను. నా బిడ్డ వినీత మాత్రం ఊరుకోక, గంగారాం దినాలయ్యాక నన్ను కామారెడ్డి తీసుకెళ్లి రక్త పరీక్ష చేయించింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, "థైరాయిడ్ గోలి ఇంతకుముందు వేసుకున్నారా?" అని అడిగింది.

"ముట్టు సక్కగ వస్తలేదని ఇచ్చిండ్రు మేడం. ముట్లే ఆగినంక గోలెందుకని బంద్ చేసిన."

ఆ తెలివికి అప్పటిదాకా నన్ను నేను మెచ్చుకునేదాన్ని.

"అది ముట్టు మందు కాదమ్మా. ముట్లాగినా ఒంటికి ఆ హార్మోన్ కావాలె. తగ్గితే మనసు కూడా మొద్దుబారుతది. కొందరికి ఏడుపు గూడ రాదు. రోజూ పరగడుపున వేసుకో."

అది విన్నా నాకేమీ అనిపించలేదు.

రోజూ వేసుకున్నాను. మెల్లగా చలి తగ్గింది, వేళ్లు ఆడాయి. మూడో నెలలో ఒక పొద్దున ఆకు కత్తిరిస్తుంటే, గంగారాం చిన్నప్పుడు నా జడ పట్టుకుని నిద్రపోయేవాడని గుర్తొచ్చింది. కత్తెర పడేసి కామారెడ్డి బస్సెక్కి తాడ్వాయిలో దిగాను.

నాగవ్వ వాకిట్లో కూలబడి శోకం అందుకున్నాను. పప్పు చెరుగుతున్న నాగవ్వ చేట ఆపి చూసింది. దగ్గరికి రాలేదు.

"నాకిప్పుడు ఏడుపొస్తలేదు వదినె. నాదంతా అప్పుడే అయిపోయింది."

"నిన్ను ఏడ్వమంటలేను."

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. "వాకిట్ల ఎండున్నది. లోపటికొచ్చి ఏడువు" అంది.