గాటు లేని ఫొటో

తనను రోడ్డు మీదికి ఈడ్చింది కత్తిగాటు గాడేనని స్టూడియో ఆయన ఎవరడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. కత్తిగాటంటే స్టేషన్లో కానిస్టేబులు. కుడి కనుబొమ నుంచి దవడ దాకా కుట్లేసిన గాటు. ఎదురుగా ఆ పేరు పెట్టి పిలిచే దమ్మెవడికీ లేదు.

పోలీసులు ఎవర్ని కొట్టినా, ఏది కూల్చినా చేసిందెవరో తెలియాలని ఆ ఏడాది చట్టమొచ్చింది. ప్రతి పోలీసు ఛాతీ మీదా ఫొటో కార్డు. టోపీ, కళ్లజోడు లేకుండా, మచ్చా గాటూ ఉన్నదున్నట్టు ఉండాలి. అదే ఫొటో ఫిర్యాదుల ఆఫీసు రిజిస్టరులో. అక్కడ వేలు పెట్టి చూపిస్తేనే కేసు. స్టేషన్ మొత్తానికీ ఫొటోలు తీసే పని స్టూడియో ఆయనకు దక్కింది.

ఇరవై ఆరేళ్లు పెళ్లి ఫొటోలకు నునుపు పెట్టిన చెయ్యి. కంప్యూటర్లో ముఖం కనబడితే చాలు, మొటిమ తుడిచేస్తుంది, మచ్చ తుడిచేస్తుంది. ఆ రోజూ అంతే. గాటు పోయింది. కింద ‘మార్పులు చేయలేదు’ అని తన ముద్రే గుద్దాడు.

కత్తిగాటు కార్డు చూసుకుని మురిసిపోయాడు. “బాబాయ్, నాకు ఇంకో పెళ్లి చేసేట్టున్నావే!”

నాలుగు నెలలకు రోడ్డు వెడల్పన్నారు. స్టూడియో కూల్చొద్దని కోర్టు స్టే ఉంది. ఆ కాగితం పట్టుకుని బుల్డోజరు ముందు నిలబడ్డాడు.

“ఏంటి బాబాయ్, అడ్డం?” అంటూ వచ్చాడు కత్తిగాటు.

“స్టే ఉందిరా నాయనా. చదువుకో.”

చదవలేదు. కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. మొదటి దెబ్బ మోకాలి చిప్ప మీద. కిందపడ్డాక బూటు నోటి మీద. రెండు పళ్లు ఊడి నాలుక మీదికొచ్చాయి. కాగితం వదలని కుడిచేతిని గడపకు అదిమిపెట్టి లాఠీతో రోట్లో దంచినట్టు దంచాడు. చూపుడువేలి ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. పైకప్పు కూలే చప్పుడులో తన అరుపు తనకే వినబడలేదు. చూసినవాళ్లలో సాక్ష్యానికి ఒక్కడూ రాలేదు.

కట్లతోనే, భార్యను వెంటబెట్టుకుని ఫిర్యాదుల ఆఫీసుకెళ్లాడు. కూల్చినవాణ్ణి చూపిస్తే స్థలం తిరిగొస్తుంది.

“గుర్తులు చెప్పు,” అన్నాడు గుమాస్తా.

“కుడి కనుబొమ నుంచి దవడ దాకా గాటు.” ఎడమచేతి వేలు ఫొటో మీద పెట్టాడు. “వీడే.”

“గాటేదయ్యా?”

“నేనే చెరిపాను.”

గుమాస్తా కలం ఆపాడు. “పెద్దాయనా, ఇది రాసుకోనా? రాస్తే నీ ముద్ర దొంగముద్ర. లోపలికెళ్లేది నువ్వు, ఫిర్యాదూ చెల్లదు. రాయకపోతే నువ్వు చెప్పిన గాటువాడు ఈ రిజిస్టరులో లేడు.”

“వాడి ముఖం నున్నగా చేసిపెట్టావుగా,” అంది భార్య, “ఇప్పుడు నీ ముఖం ఎవరు బాగుచేస్తారు?”

“రాయండి. వాడికి గాటుందని అందులోనైనా ఉండనీ,” అన్నాడు, పళ్లు లేని నోటితో.

ఆరు నెలలకు జైలు నుంచి బయటికొచ్చేసరికి తారు పరిచేశారు. దాని మీద నిలబడి కత్తిగాటు బళ్లకు దారి చూపిస్తున్నాడు, ఛాతీ మీద అదే నున్నటి ఫొటో. వాడి బూట్ల కింద స్టూడియో ఆయన స్థలం: పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. నూట ఎనిమిది చదరపు అడుగులు.