వరూధిని మాత్రల డబ్బా

నేను ఒక మాత్రల డబ్బాను. ప్లాస్టిక్ కార్ఖానాలో కరిగిన ముద్దగా అచ్చులోకి దిగి, ఏడు గదులతో, ఏడు మూతలతో బయటపడ్డాను. ఒక్కో మూత మీద ఒక్కో వారం పేరు. ఏలూరులో ఒక మందుల షాపులో నన్ను కొన్నది ఉమాపతి, భార్య వరూధిని కోసం.

వరూధిని కోర్టులో స్టెనోగ్రాఫర్. ఆమెకు నార్కోలెప్సీ. రాత్రి ఎంత పడుకున్నా పగలు ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే జబ్బు. అన్నం కలుపుతూ కలుపుతూనే నిద్రలోకి జారిపోయేది. ఏళ్ల తరబడి అందరూ బద్ధకమన్నారు. చివరికి ఒక డాక్టరు జబ్బు పేరు చెప్పి, రోజూ పొద్దున్నే వేసుకోమని తెల్లటి మాత్ర రాశాడు. జబ్బు పోలేదు గానీ పగలు ఆమె చేతికొచ్చింది. జడ్జిగారు ఎంత వేగంగా చెప్పినా ఆమె పెన్సిల్ వెనకబడేది కాదు.

ఆదివారం ఆదివారం నన్ను నింపేది ఉమాపతే. "నువ్వు మర్చిపోతావు, నాకొదిలెయ్" అనేవాడు. అలాంటి మొగుడు దొరికాడని ఆమె మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను.

ఒక ఆదివారం నాలోకి వేరే మాత్రలు వచ్చాయి. అవీ తెల్లగానే, గుండ్రంగానే ఉన్నాయి. సుద్దముక్క వాసన వేశాయి. నేనేం చెప్పగలను? మూత తెరిస్తే ఉన్నది ఇవ్వడమే నాకు తెలిసిన పని.

బుధవారం, జడ్జిగారు తీర్పు చెబుతుండగా వరూధిని తల వాలిపోయింది. నోటుబుక్కులో సగం పేజీ పిచ్చిగీతలు. మర్నాడే మెమో ఇచ్చారు.

"మందు పనిచెయ్యడం లేదండీ" అంటూ డాక్టరు ముందు నన్ను తెరిచింది. ఆయన ఒక మాత్ర తీసి తిప్పి చూశాడు.

"ఇవి కాల్షియం బిళ్లలమ్మా. నేను రాసినవి కావు."

ఇంటికొచ్చి నన్ను ఉమాపతి ముందు పెట్టింది. అతను బుకాయించలేదు.

"ఎన్నాళ్లని మందుల మీద బతుకుతావు? మెల్లగా అలవాటు మాన్పిద్దామనుకున్నా. నీ మంచికే, వరూ."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే వింటావా?"

"రోడ్డు దాటుతూ పడిపోయుంటే ఏం చేసేవారు?"



డాక్టరు సర్టిఫికెట్టుతో ఆమె ఉద్యోగం నిలబడింది. తీర్పులు రాసే పని మాత్రం ఇంకొకరికి పోయింది. ఇప్పుడు మాత్రల అట్ట ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది, మాత్ర తనే నొక్కి తీసుకుంటుంది. నేను కుట్టుమిషన్ సొరుగులో గుండీలు మోస్తున్నాను.

ఉమాపతి ఇప్పటికీ పొద్దున్నే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిస్తాడు. ఆమె అందుకుంటుంది. కిటికీ వెలుతురుకు పట్టి ఒకసారి చూసి, అప్పుడు తాగుతుంది.